ఎర్రగుట్ట మీద కాలువ

ఆ రోజు ఇద్రీస్ కొత్త బేరాలేవీ పెట్టుకోలేదు. మిర్చి సీజను అయిపోయాక కొని పేర్చుకున్న పాత గోనె సంచులను దుకాణం వాకిట్లోకి లాగి, ఒక్కొక్కటే దులిపి కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. సంచి మూలన దారం కొస దొరికితే చాలు, ఒక్క గుంజుకు అంచు పొడవునా ఊడివస్తుంది. విప్పి పరిస్తే సంచి చిన్న దుప్పటంత అవుతుంది. ఆ ముక్కలను లోపలి గదిలో అతని భార్య ఫజిలత్ దబ్బనంతో, సుతిలి తాడుతో కలిపి పొడవాటి పట్టాలుగా కుడుతోంది. సంచుల్లోంచి మిర్చి ఘాటు ఇంకా పోలేదు. ఇద్దరూ తుమ్ముతూనే పని చేస్తున్నారు.

పట్టాలు ఎర్రగుట్ట కోసం. ఆ గుట్ట వాలు మీద ఊరి ముస్లింల కబరస్తాన్ ఉంది. దానికి దిగువన, గుట్ట మొదట్లో, తండా చివరి ఇల్లు హాతీరాంది. వేసవిలో ఒక కాంట్రాక్టరు రోడ్డు పనికని సరిగ్గా ఆ ఇంటి వెనకనుంచే మొరం తవ్వి టిప్పర్లకెత్తించాడు. అడిగినవాళ్లకు పర్మిషన్ ఉందన్నాడు. రోడ్డు చండ్రుగొండ వైపు సాగిపోయింది, దానితో పాటే అతనూ పోయాడు. ఇంటి వెనక నిలువుగా కోసిన ఎర్రమట్టి, దాని పైన చెట్టూ చేమా లేని వాలు మిగిలాయి. తొలి వానకే మట్టి జారి కొట్టంలోకి వచ్చింది. మండలాఫీసు వాళ్లు వచ్చి చూసి, అర్జీ కాగితం తీసుకుని, వానలు తగ్గాక గోడ కట్టిస్తామనీ అప్పటిదాకా ఏదో ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకోమనీ చెప్పి వెళ్లారు. హాతీరాం కొడుకు రాజేష్ పక్క మండలంలో ఉపాధి హామీ పనులకు టెక్నికల్ అసిస్టెంటు. వాలు మీద గోనె పట్టాలు పరిచి కర్ర గూటాలు కొట్టాలనీ, పైనుంచి వచ్చే నీటికి అడ్డంగా కాలువ తీసి పక్కన పారే ఒర్రె వాగులోకి మళ్లించాలనీ అతనే చెప్పాడు. సంచుల వ్యాపారం కాబట్టి పట్టాల పని ఇద్రీస్ మీద పడింది. పడకపోయినా అతను తీసుకునేవాడే. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లూ హాతీరాం మార్కెట్లో ఇద్రీస్ సంచులే మోశాడు.

పట్టాలు ఎక్కడిదాకా పరుస్తారని ఫజిలత్ అడిగింది. కబరస్తాన్ కింది అంచు దాకానేనని ఇద్రీస్ చెప్పాడు. ఆమె దారం కొరికి, మన ఫరహా పై వరసలోనే కదా అంది. అవునన్నట్టు అతను తలూపాడు.

రంజాన్ వెళ్లిన నెలకు ఫరహా జ్వరంతో పోయింది. ఆ ఊరి ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు కబరస్తాన్‌కు వెళ్లరు. కూతురిని తీసుకెళ్లిన రోజు ఫజిలత్ గడప దగ్గరే ఆగిపోయింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఇద్రీస్ తిరిగి రాగానే మంచినీళ్లు ఇచ్చి, గడ్డి మొలిచిందా, మట్టి ఏమైనా కుంగిందా, పక్కన ఎవరినైనా పెట్టారా అని అడిగేది. అతను చెప్పేవాడు. ఆమె విని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

మర్నాడు పొద్దున్నే పట్టాలు ట్రాలీ ఆటోలో గుట్టకు చేరాయి. హాతీరాం భార్య రూప్లి అప్పటికే జామాయిల్ కట్టెలను మూరెడు ముక్కలుగా నరికి, ఒక కొస చెక్కి, గూటాలు కుప్ప పోసి ఉంచింది. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన హాతీరాం వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. పని కనపడేలా మంచాన్ని కిటికీ వైపు తిప్పించుకున్నాడు.

"భాయ్, మట్టి నా మీదికొస్తె నీ సంచులల్ల నింపి అమ్ముకో" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"నీ ఇంటెనక మట్టి ఎవడు కొంటడన్నా" అన్నాడు ఇద్రీస్. హాతీరాం నోరు ఒక పక్కకే నవ్వింది.

పట్టాను పైనుంచి కిందికి విప్పుతూ రావాలి. పై అంచును జానెడు లోతు గాడిలో పెట్టి మట్టి కప్పి తొక్కాలి, లేకుంటే నీళ్లు దాని కిందికి దూరి మొత్తం ఎత్తేస్తాయి. పై పట్టా అంచు కింది దాని మీదికి రావాలి, ఇంటి మీద పెంకులు పరిచినట్టు. గుడ్డ ఎక్కడా బిగుసుకుని మట్టికి ఎడంగా ఉండకూడదు. రాజేష్ ఒక్కసారి చేసి చూపించాడు. రూప్లి ఉత్త కాళ్లతో, వేళ్లు మట్టిలోకి గుచ్చి నిలబడి, కొంగులోంచి జనుము గింజలు చల్లుతూ ముందు నడిచింది. వెనకే ఇద్రీస్ కూర్చుని జరుగుతూ పట్టా విప్పుకుంటూ దిగాడు. గూటం తల మీద సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా కింద కొట్టంలో బర్రె చెవులు ఆడించేది. మధ్యాహ్నానికి అతని లుంగీ వెనక భాగమంతా ఎర్రగా అయింది. వాలు సగానికి పైగా గోనె కప్పుకుంది.

భోజనాలయ్యాక కాలువ గీత పెట్టడానికి పైకెక్కారు. కబరస్తాన్ కమిటీ పెద్ద ముస్తకీమ్ సాబ్ కూడా వచ్చాడు. నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టం ఒక కొస ఇద్రీస్ పట్టుకున్నాడు, రెండో కొస రాజేష్ పట్టుకున్నాడు. రెండు కొసల్లో నీటి మట్టం చూసుకుంటూ, ఒర్రె వైపు కొద్దికొద్దిగా వాలు ఉండేలా రాజేష్ గూటాలు పాతుకుంటూ వచ్చాడు. పై వరస దగ్గరికి వచ్చాక ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చూశాడు. గీత చివరి సమాధి మీదుగా పోతోంది.

దానికి పైన అంతా నల్లబండ, తవ్వడానికి లేదు. ఇక్కడొక్కచోట కిందికి జరిపితే నీళ్లు దిగి, ఒర్రె చేరడానికి మళ్లీ ఎక్కాలి, ఎక్కవు. ఇదంతా రాజేష్ ఇద్రీస్ మొహం చూడకుండానే చెప్పాడు.

ముస్తకీమ్ సాబ్ పక్కకు వెళ్లి ఖమ్మంలో తెలిసిన మౌల్వీకి ఫోన్ చేసి వచ్చి, ఆయన మాట చెప్పాడు. కబర్ తెరవకూడదు. మనుషుల ప్రాణానికి ముప్పు ఉంటే పైన పోసిన మట్టి చదును చేయవచ్చు. కాలువ మోచేతి లోతుకు మించకూడదు. అయినా కన్నవాళ్లు ఒప్పుకోవాలి. అందరూ ఇద్రీస్ వైపు చూశారు.

"తియ్యుండ్రి. మనిషి పాణం కంటె ఎక్కువనా" అన్నాడు ఇద్రీస్.

ముస్తకీమ్ సాబ్ అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, నమాజు వేళయిందని దిగిపోయాడు. రాజేష్‌కు ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. గూటాల వెంబడే తవ్వండి, తవ్విన మట్టిని దిగువ వైపు కట్టగా పోసి తొక్కండి అని చెప్పి అతనూ వెళ్లాడు.

రూప్లి తవ్వుతుంటే ఇద్రీస్ మట్టిని కట్ట మీదికి లాగి తొక్కుతూ వచ్చాడు. ఒర్రె వైపునుంచి మొదలుపెట్టి సాయంత్రానికి పై వరసకు చేరువయ్యారు. రూప్లి చెంబు తీసుకుని నీళ్లు తాగడానికి కిందికి దిగింది.

ఇద్రీస్ ఒక్కడే నిలబడ్డాడు. తలవైపు రెండు రాళ్లు తప్ప సమాధికి గుర్తు లేదు. తొలి వానలకు మట్టి నునుపుదేరి, అంచుల్లో సన్నగా గడ్డి పట్టింది. గూటం సరిగ్గా ఆ గడ్డిలో దిగి ఉంది. అతను వంగి దాన్ని పీకాడు. ఏం చేస్తున్నాడో అనుకునే లోపే చేతులు దాన్ని కింద, కాళ్ల వైపు పాతాయి. తర్వాత దాని పక్కది. ఆపై ఇంకొకటి. గీత సమాధిని చుట్టుకుని కిందికి వంగి, మళ్లీ పైకెక్కింది. పాత బొక్కలను మడమతో నొక్కి పూడ్చాడు.

రూప్లి చెంబుతో పైకి వచ్చింది. గూటాలను చూసింది. మడమ గుర్తులు చూసింది. సమాధిని చూసింది. ఇద్రీస్ చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఒర్రె వైపు తిరిగాడు. అక్కడ రాయి తగిలిందన్నాడు. ఆమె కొంగు నడుముకు బిగించి, వంపు మీదనే పార వేసింది. మిగతా కట్టను ఎలా ఉన్నా వదిలేసిన మనిషి, వంపు దగ్గర మాత్రం రెండింతల మట్టి పోసి, అది గట్టిపడేలా పార వెనక్కి తిప్పి చాలాసేపు దిమ్మిస్తూ ఉండిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర పని ఎంతవరకు వచ్చిందని ఫజిలత్ అడిగింది. అయిపోయిందని ఇద్రీస్ చెప్పాడు. గీత గురించి, మౌల్వీ మాట గురించి ఏదీ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్లు తుంపరే పడింది. పట్టాలు తడిసి మట్టికి అతుక్కున్నాయి. జనుము గింజలు ఉబ్బి గోనె కళ్లలోంచి తెల్లటి మొలకలు తలలెత్తాయి. రాజేష్ ఆఫీసుకు పోతూ రోడ్డు మీద బండి ఆపి, చూసి, సంతోషంగా చెయ్యి ఊపేవాడు. వంపు ఉన్న చోటు రోడ్డుకు కనపడదు.

ఆ తర్వాత ఒక రోజు పొద్దుననుంచీ ఆగకుండా కొట్టింది. మధ్యాహ్నం ఇద్రీస్ దుకాణంలో సంచులను నేలనుంచి బల్లల మీదికి ఎత్తుతుంటే, తండా వైపునుంచి కేకలు వినపడ్డాయి. అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

హాతీరాం ఇంటి వెనక గోడ లేదు. ఎర్రమట్టి కిటికీతో సహా గదిలోకి తోసుకొచ్చింది. ముందర వంట చేసుకుంటున్న రూప్లి అప్పటికే లోపల చేతులతో తవ్వుతోంది. ఇద్రీస్ ఆమె పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. తండా మనుషులు పారలతో వచ్చారు కానీ పారలు వేయడానికి భయపడ్డారు. మట్టి ఛాతీ దాకా ఉంది. హాతీరాం కళ్లు తెరిచే ఉన్నాయి.

"భాయ్, జర నోట్ల మట్టి తియ్యి" అన్నాడు.

ఇద్రీస్ వేలు పెట్టి అతని నోట్లోని మట్టి తీశాడు. నాలుక మీద, చిగుళ్ల వెనక, పడిపోయిన బుగ్గ లోపల. తీసినకొద్దీ వచ్చింది. మంచంతో సహా మనిషిని బయటికి లాగేసరికి కుడి తొడ ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. అతనికి ఇన్నాళ్లూ పనిచేసిన కాలు అదొక్కటే. అంబులెన్సు కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లింది. రూప్లి మట్టి చీరతోనే ఎక్కింది.

వాన తెరిపిచ్చాక ఇద్రీస్ పైకెక్కాడు. పట్టాలన్నీ వేసినట్టే ఉన్నాయి, ఒక్క చోట తప్ప. వంపు దగ్గరికి వచ్చి నిండిన నీళ్లు పైకెక్కలేక, కట్ట దాటి, దాన్ని కోసుకుని, నేరుగా కిందికి దూకాయి. ఆ దారిలో పట్టా చుట్టచుట్టుకుపోయి, గూటాలు ఊడి, వాలు మీద మనిషి పట్టేంత చీలిక పడింది. చీలికకు పైన ఫరహా సమాధి ఎక్కడా చెక్కు చెదరలేదు. గడ్డి పోచ కూడా వంగలేదు.

కింద జనం కాంట్రాక్టరును తిట్టారు, కాగితం తీసుకుని వెళ్లిపోయిన ఆఫీసు వాళ్లను తిట్టారు. ఆ తిట్లలో తప్పేమీ లేదు. ఇంత వానకు ఏది ఆగుతుందని ఇద్రీస్‌ను ఓదార్చారు కూడా. అతను తల వంచుకుని విన్నాడు.

మర్నాడు రూప్లి బట్టల కోసం ఇంటికి వచ్చేసరికి, ఇద్రీస్ వెనక గదిలోని మట్టిని తట్టలకెత్తి బయట పోస్తున్నాడు. హాతీరాంకు తుంటి ఎముక విరిగిందనీ, ఈ వయసులో ఆపరేషనుకు తట్టుకుంటాడో లేడో చూసి చెప్తామన్నారనీ ఆమె చెప్పింది. ఇద్రీస్ తట్ట కింద పెట్టాడు.

"అక్కా, గూటాలు నేనే జరిపిన."

"నాకెరుకే."

అతను తల ఎత్తాడు. ఆమె దండెం మీది పంచెలు మడత పెడుతూనే ఉంది.

"చూసినంక గూడ నేనే తవ్విన గద. నువ్వు మొకం అటు పెట్టుకున్నవు. గప్పుడు నీ బిడ్డ మీద పార పెట్టుమని నేనెట్ల అంట భాయ్? కట్ట గట్టిగ ఏస్తె ఆగుతదనుకున్న."

"రాజేష్‌కు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తె వాళ్ల నాయిన కాలు వస్తదా?"

ఆమె పంచెలు, దుప్పటి సంచిలో కుక్కి లేచింది. గడప దగ్గర ఆగి, గోడ పోయిన వైపునుంచి ఆకాశం చూసింది.

"మల్ల మొగులైతున్నది. ఈసారి ముందటి గది గూడ ఉండది. నేను అడగలేను. నువ్వే ఏం జేస్తవో చెయ్యి" అని బస్సుకు వెళ్లిపోయింది.

ఇద్రీస్ ఇంటికి వెళ్లేసరికి ఫజిలత్ కొట్టుకుపోయిన పట్టాకు బదులు కొత్తది కుడుతోంది. అతను ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. గీత ఎక్కడినుంచి పోయిందీ, తాను ఏమని ఒప్పుకున్నదీ, అందరూ వెళ్లాక ఏం చేసిందీ, ఇప్పుడు కాలువ మళ్లీ ఎక్కడ తవ్వాల్సిందీ. హాతీరాం నోట్లోంచి వేలితో మట్టి తీసిందీ చెప్పాడు. దబ్బనం గోనెలో సగం దిగి ఆగిపోయింది.

ఆమె దాన్ని వదిలేసి, ఫరహా మీదుగా నీళ్లు పోతాయా అని అడిగింది. పైనుంచి పోతాయి, లోపలికి పోవు, గట్టిగా దిమ్మించి గోనె పరుస్తామన్నాడు. ఆమె లేచి బురఖా తీసుకుంది. అతను లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు అక్కడికి రారు కదా అన్నాడు.

"ఇన్నాళ్లూ నువ్వు చెప్పిందే విన్నాను" అంది ఫజిలత్ ఉర్దూలో, మెల్లగా. "గడ్డి మొలిచిందంటే మొలిచిందనుకున్నాను. అది ఉండగానే ఒక్కసారి చూస్తాను."

కబరస్తాన్ గేటు దగ్గర ముస్తకీమ్ సాబ్ ఉన్నాడు. ఇద్రీస్ వెనక ఆమెను చూసి నుదురు ముడిచాడు. ఇద్రీస్ ఏదో చెప్పబోతే చేత్తో వారించాడు. కాసేపు నేల చూసి, ఈ ఒక్కపూటకేనని, ఇది అలవాటు కాకూడదని, నలుగురికీ తాను జవాబు చెప్పుకోవాలని అన్నాడు. గేటు తీసి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

పైన రాజేష్ ఉన్నాడు. దవాఖానానుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. చేతిలో నీటి గొట్టం ఉంది. తెగిన వంపు దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"ఇది నేను పెట్టిన గీత కాదు చాచా. ఎవరు జరిపిన్రు?"

"నేనే" అన్నాడు ఇద్రీస్.

రాజేష్ దవడ బిగుసుకుంది. ఇద్రీస్ తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. రాజేష్ అతన్ని చూశాడు, వెనక బురఖాలో ఉన్న మనిషిని చూశాడు, కింద తన ఇంటికి పడ్డ బొక్కను చూశాడు. మొహం చేత్తో గట్టిగా తుడుచుకుని గొట్టం కొస ముందుకు చాపాడు.

"పట్టుకో చాచా. మల్ల చూద్దాం."

గూటాలు మొదటి చోటికే వచ్చాయి.

ఏదని ఫజిలత్ అడిగింది. ఇద్రీస్ చూపించాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"ఇంత చిన్నగ ఉందేంది?" అంది. "ఫరహా నాకంటె పొడుగు గద."

లోపల పొడుగ్గానే ఉంటుందని, పైన మట్టి అంతే పోస్తారని ఇద్రీస్ చెప్పాడు. ఆమె రెండు అరచేతులూ మట్టి మీద ఆనించి, ఈ చివరనుంచి ఆ చివర దాకా మెల్లగా తడిమింది. తలవైపు రాళ్ల దగ్గర చేతులు ఆగాయి. రాజేష్ ఒర్రె వైపు వెళ్లి, అక్కడ చేయాల్సిన పనేమీ లేకపోయినా కట్ట మీది రాళ్లు సర్దుతూ ఉండిపోయాడు.

ఇద్రీస్ పార తీసుకున్నాడు కానీ వేయలేకపోయాడు. ఫజిలత్ అతన్ని చూసి, తట్ట దగ్గరికి లాక్కుని, దోసిళ్లతో మట్టి తీసి అందులో పోయడం మొదలుపెట్టింది. గడ్డి ఉన్న మట్టిని గడ్డితోనే పెల్లలుగా తీసి పక్కన పెట్టింది. సమాధి నేలమట్టం అయ్యాక లేచి, ఇక మీరు తవ్వండి అని పక్కకు జరిగింది. మోచేతి లోతు తవ్వాక ఇద్రీస్ ఆగి, కాళ్లతో కాక చేతులతో మట్టిని దిమ్మించాడు. దాని మీద కొత్త పట్టాను రెండు మడతలుగా పరిచి, అంచులకు గూటాలు కొట్టకుండా రాళ్లు పెట్టారు. తీసిపెట్టిన గడ్డి పెల్లలను ఫజిలత్ కట్ట మీద అతికించింది. తలవైపు రాళ్లను మాత్రం కాలువకు ఎగువన, బండకు ఆనించి నిలబెట్టారు.

సాయంత్రం బస్సుకు రూప్లి దిగి, గుట్ట పైకి వచ్చింది. ఆపరేషను చేయరట, ఇంటికే తీసుకెళ్లమన్నారట. ఆ మాట కొడుకు ఒక్కడికే వినపడేలా చెప్పింది కానీ అందరికీ వినపడింది. అప్పుడే వాన మొదలైంది.

మొదట చినుకులు గోనె మీద మచ్చలుగా పడ్డాయి. తర్వాత బండ మీదినుంచి నీళ్లు సన్నటి పాయలుగా జారి కాలువలో చేరి, ఎర్రగా, గడ్డిపరకలను తోసుకుంటూ వచ్చాయి. ఫరహా ఉన్న చోటికి వచ్చి, గోనె మీద పరుచుకుని, తొట్రుపడకుండా తిన్నగా సాగి ఒర్రెలోకి దిగాయి. కింద వాలు కదల్లేదు. రాజేష్ పరుగున దిగి ఇల్లు చూసి, అక్కడినుంచే చెయ్యెత్తి ఊపాడు.

రూప్లి తన తల మీది ప్లాస్టిక్ పట్టాను ఫజిలత్ మీదికి కూడా జరిపింది.

"తడుస్తున్నవు చెల్లె. నీళ్లు మంచిగనే పోతున్నయి గద, ఇంటికి పో" అంది.

ఫజిలత్ కాలువ మీదినుంచి చూపు తిప్పలేదు.

"జరసేపు ఉంట అక్కా" అంది. "మల్ల నన్ను ఈడికి రానియ్యరు."